మందుల గది తాళంచెవి

జగిత్యాలలో మా ఇంటి గోడ వెంట పదకొండు గులాబి చెట్లున్నాయి. పొద్దున నడకకు పోయేవాళ్లు వాటి దగ్గర ఆగుతారు. ఈ మధ్య మా వీధిలో కొత్తగా దిగిన ఒక జంట, ఇద్దరూ బడిపంతుళ్లే, గేటు దగ్గర చాలాసేపు నిలబడి చూసి, "ఏం మందు కొడుతరు పెద్దనాయినా?" అని అడిగారు. ఏ మందూ కొట్టనన్నాను. నమ్మలేదు. ముసలాయన రహస్యం దాచుకుంటున్నాడనుకుని కొంచెం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. వాళ్ల వయసువాళ్లు ఇంకెవరైనా చదివినా మంచిదే.

ముందు గులాబీల సంగతి చెప్పేస్తాను. అసలు కథలోకి దిగాక నాకు ఎరువుల ముచ్చట గుర్తుండదు. ఇవి నాటు గులాబీలు. పన్నీరు గులాబి అని కూడా అంటారు. లేత గులాబి రంగు, ముద్దపువ్వు. పొద్దున విచ్చుకున్నది మధ్యాహ్నానికి రెక్కలు రాలుస్తుంది కాబట్టి గాజు గ్లాసులో పెట్టుకుని చూసుకుందామనుకునేవాళ్లు ఆశ వదులుకోవాలి. వాసన మాత్రం వీధి మలుపు దాకా వస్తుంది. దసరా వెళ్లాక పెన్సిలంత లావు కొమ్మను జానెడు కోసి, సగానికి పైగా మట్టిలో గుచ్చితే చాలు. పశువుల పెంట, మొదట్లో కాస్త వరిపొట్టు, పొద్దున్నే నీళ్లు. రోహిణి కార్తె ఎండకు పువ్వు చిన్నదవుతుందే గానీ చెట్టు చావదు. పురుగు పడుతుంది, నాలుగు ఆకులు తింటుంది, పోతుంది. నేను దాని జోలికి పోను.

ఇక నా సంగతి. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు నర్సరీలో పనిచేశాను. మొదట రోజుకూలి, తరువాత పర్మనెంటు, చివరికి మేస్త్రి. మల్యాల దగ్గరి పల్లెలో గుంటెడు భూమి లేని ఇంట్లో పుట్టాను. మా వంశంలో సర్కారు కొలువు చేసిన మొదటి మనిషిని నేనే. ఆ కొలువు పోతుందేమో అన్న భయం మొదటి జీతం అందుకున్న రోజు నుంచే నాతో ఉంది. వేరేవాళ్లకు అది ఉద్యోగం. నాకు అది మా నాయన తల ఎత్తుకుని నడిచిన దారి. ఈ భయాన్ని గుర్తుపెట్టుకోండి, కథ అంతా దాని చుట్టూనే.

మా నర్సరీలో నాటు గులాబికి మర్యాద ఉండేది కాదు. కంచె వెంట ఒక వరుస పెంచేవాళ్లం. దాని కొమ్మలు నాటి, వేళ్లు పట్టాక, బెరడు చీల్చి మేలురకం గులాబి చిగురు కన్నును లోపల దూర్చి కట్టు కట్టేవాళ్లం. కన్ను అతుక్కుని చిగురిస్తే పైన ఎర్రవీ పసుపువీ పెద్ద పెద్ద పువ్వులు వస్తాయి. కష్టం కిందిదానిది, పేరు పైదానిది. ఆ మేలురకాలకు వారానికోసారి పురుగుమందు కొట్టకపోతే మొగ్గ నల్లబడుతుంది. అందుకని నర్సరీ మూలన ఒక మందుల గది ఉండేది. దాని తాళంచెవి మేస్త్రి మొలతాడుకు ఉండాలని రూలు.

అంటు కట్టడంలో మా దగ్గర ఒక ఆమెను మించినవాళ్లు లేరు. సిరిసిల్లలో మగ్గాల మీద పెరిగిన పద్మశాలీల ఆడబిడ్డ. తెగిన పోగును కళ్లు మూసుకుని అతికే వేళ్లు. మేము ఒక మొక్క కట్టేసరికి ఆమె మూడు కట్టి నాలుగోదాని దగ్గర ఉండేది. ఆమె భర్త సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసేవాడు. పని పడిపోయిన ఒక ఏడు పురుగుమందు తాగి చనిపోయాడు. ఆమె కోరుట్లలోని తమ్ముడి ఇంటికి వచ్చి, అక్కడి నుంచి రోజూ బస్సులో మా నర్సరీకి కూలికి వచ్చేది. నన్ను అన్నా అనేది. నేను చెల్లే అనేవాణ్ణి. మందుల గది వైపు మాత్రం ఎన్నడూ పోయేది కాదు. మందు కొట్టే రోజు గాలి ఎటు ఉంటే దానికి ఎదురువైపు పని వెతుక్కునేది. నేనూ ఏమీ అనేవాణ్ణి కాదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. సిరిసిల్లలో కొత్తగా కట్టిన ఒక ఆఫీసు ముందు తోట వేయాలి, వెయ్యి మేలురకం గులాబీలు కావాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. కింది మొక్కలు సిద్ధంగా ఉన్నాయి, కట్టడానికి ప్లాస్టిక్ పట్టీ లేదు. హైదరాబాదు నుంచి రావలసిన లారీ ఒక బందుకు ఒకచోట, ఇంకో బందుకు ఇంకోచోట ఆగిపోతూ ఉంది. "చెల్లే, మీ సిరిసిల్ల నుంచి దారం తేరాదు?" అన్నాను. అంతకు ముందు కూడా ఒకటి రెండుసార్లు ఆమె నూలుతో కట్టింది. నూలు కట్టు వానకు నాని నెల లోపల దానంతటదే కుళ్లి రాలుతుంది, మళ్లీ విప్పే పని లేదు.

ఈసారి తెచ్చిన దారం చూడటానికి అదే తెలుపు. కట్టే ముందు ఆమె నా దగ్గరికి వచ్చి దారం కండె చూపించింది. "అన్నా, మా గల్లీల ఇప్పుడు అంత పాలిస్టరే నేస్తున్నరు. నూలు దొరకలే. గిది కుళ్లది. ఇరవై రోజులకు యాదిపెట్టుకోని కోసెయ్యాలె, లేకుంటే మెడకు ఉరి వడ్తది." "సరే సరే, నేనుంట గద," అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కట్లు కట్టిన వారం లోపలే సమ్మె మొదలైంది. ఉద్యోగులందరం బయటికి వచ్చాం. బస్సులు ఆగిపోయాయి, కోరుట్ల నుంచి ఆమె వచ్చే దారి లేదు. నేను జగిత్యాలలోనే ఉన్నాను. మా దీక్షా శిబిరం నర్సరీకి కూతవేటు దూరం. రోజూ డేరా కింద కూర్చుని పాటలకు చప్పట్లు కొట్టాను, నినాదాలిచ్చాను, మైకులో ఒకసారి మాట్లాడాను కూడా. కుళ్లని దారం సంగతి ఒక్కనాడైనా గుర్తుకు రాలేదు. నెల దాటిపోయింది.

సమ్మె ముగిసి గేటు తీసి లోపలికి వెళితే గడ్డి మోకాళ్ల దాకా ఉంది. గడ్డిలో నా వెయ్యి మొక్కలు. కన్నులన్నీ చిగురించాయి, జానెడు పెరిగాయి, కట్టు దగ్గర సన్నగా నొక్కుకుపోయి అక్కడికక్కడ విరిగి వేలాడుతున్నాయి. ఒకటి ముట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది.

అదే మధ్యాహ్నం మా ఆఫీసరు వచ్చాడు. చెడ్డమనిషి కాదు, ఆయన మీద ఆయనపైవాళ్లు ఉన్నారు. మడి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, "ఏంది మేస్త్రీ ఇది? నాలుగు రోజుల్లో రాసి ఇయ్యి ఎట్లయిందో. లేకుంటే సస్పెండైతవ్," అన్నాడు. కూలీలందరూ చూస్తున్నారు. నా నోటి నుంచి ఏం వచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "నేనేం జేద్దు సార్? గీమె తెచ్చింది గీ పాడు దారం. గీమెను నమ్మి నేను మునిగిన!" అని ఆమె వైపు వేలు చూపించాను.

ఆమె ఒక్కసారి నా ముఖంలోకి చూసింది. నువ్వుంటనంటివి గద అని ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. అనలేదు. తల దించుకుని కొడవలి తీసుకుని గడ్డి కోయడానికి పోయింది.

సాయంత్రం అందరూ పోయే వేళకు నేను మందుల గది తాళం తీశాను. మరునాటికి మందు ఎంత మిగిలిందో చూడాలి గదా. ఒక డబ్బా చేతిలోకి తీసుకుని దాని మీద రాసింది చదువుతూ కాసేపు నిలబడ్డాను. ఎవరో మోటారు ఆపమని కేకేస్తే బయటికి వచ్చాను. అలాగే ఇంటికి పోయాను.

తెల్లవారి మళ్లీ బందు. మొక్కలకు బందు తెలియదు కనుక నేను నీళ్లు పెట్టడానికి పోయాను. పోయేసరికి మందుల గది తలుపు బార్లా తీసి ఉంది. నేనే తాళం వేయడం మరిచానని అప్పుడు తెలిసింది. లోపల అరలో, నిన్న నేను డబ్బా పెట్టిన చోట, దుమ్ములో గుండ్రటి మచ్చ ఉంది. డబ్బా లేదు.

కాపలాదారును అడిగాను. "నిన్న పొద్దుగూకంగ ఆ కోరుట్లామె ఒక్కతే అటు దిక్కు పోయింది మేస్త్రీ. ఎన్నడు పోనిది ఎందుకు పోయిందో అనుకున్న," అన్నాడు.

భర్త పోయినట్టే ఆమె కూడా. పదిమందిలో నేనే వేలు చూపించి దోషిని చేశాను, నేనే తలుపు తెరిచి పెట్టాను. ఆ రోజుల్లో ఏ ఊళ్లో ఏ పిల్లవాడు తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్నాడోనన్న వార్తతోనే తెల్లవారేది. చావు మాట గాలిలో ఉండేది. కాపలాదారుకు ఏమీ చెప్పకుండా సైకిలెక్కాను. ఫోను ఇంట్లో ఛార్జింగుకు పెట్టి వచ్చాను. ఆమెకు అసలు ఫోనే లేదు.

కోరుట్ల పాతిక కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు మీద నేను తప్ప బండి లేదు. రెండుచోట్ల టైర్లు కాలుతున్నాయి. ఒక ఊరి ముందు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. ఊరంతా రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తినడం, అదీ మా నిరసన. మామూలు రోజైతే నేనే గంటె పట్టుకునేవాణ్ణి.

"ఏ కాకా, ఆగు! బందని తెల్వదా?" అని నలుగురు సైకిలుకు అడ్డం వచ్చారు.

"మా చెల్లెకు పానం మంచిగ లేదు. కోరుట్లకు పోతున్న. అడ్డం రాకున్రి, మీ కాల్మొక్కుత," అన్నాను.

పొయ్యి దగ్గరున్న పెద్దాయన నా ముఖం చూసి వాళ్లను పక్కకు తప్పుకోమన్నాడు. మోదుగాకు విస్తరిలో పులిహోర పెట్టి ఇచ్చాడు. "గింత తిని పో. పానం ఎవలకు బాగలేదంటివి? కోరుట్లల పొద్దుగాల ఎవలో మందు తాగిన్రట. దవాఖానకు తీస్కపోయిన్రని మా తమ్ముడు ఫోన్ జేసిండు."

"ఆడామెనా, మొగాయనా?"

"గది తెల్వది."

నోట్లో పెట్టుకున్న ముద్ద అక్కడే ఉండిపోయింది. విస్తరి ఆయన చేతిలోనే పెట్టి కదిలాను. ఆ మిగిలిన దూరం ఎట్లా తొక్కానో నాకు తెలియదు. వాళ్ల ఇంటివాళ్లకు ఏం చెప్పాలో ఒక్కొక్క మైలురాయి దగ్గరా ఒక్కొక్క అబద్ధం తయారుచేసుకున్నాను. దారం సంగతి ఆమె నాకు చెప్పిందన్నది మా ఇద్దరికే తెలుసు, ఆమె పోతే నాకొక్కడికే తెలుసు అన్న ఆలోచన కూడా ఒక క్షణం వచ్చిపోయింది. ఆ క్షణానికి నన్ను నేను క్షమించుకోలేదు.

దవాఖానలో ఉన్నది ఒక పత్తి రైతు. బతుకుతాడన్నారు. ఆమె కాదని తెలియగానే గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. బయట మెట్ల మీద ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. ఆమె వైపు చూడకుండా దిగి వచ్చేశాను.

చెల్లె తమ్ముడి ఇంటికి పోతే మరదలు గుమ్మంలో ఉంది. "పొద్దు వొడువక ముందే పోయింది. పనికేమో అనుకున్నం. మీరే గద మేస్త్రి? అక్క మీ కాడికి రాలేదా?" అంది. రాలేదన్నాను. మరదలు గుమ్మం దిగి వచ్చింది. "సద్ది సుత కట్టుకోలే. సంచి ఒక్కటి పట్టుకోని పోయింది. ఏముందక్కా అంటే చెప్పలే."

సంచిలో ఏముందో నాకు తెలుసు. చెప్పలేకపోయాను. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కాలువ గట్టు వెంట నడిచాను. గడ్డిలో ఏ రంగు గుడ్డ కనిపించినా కాళ్లు ఆగిపోయేవి. ఆమె చీర రంగేమిటో గుర్తుకు రాలేదు. ఏడెనిమిదేళ్లు పక్కన కూర్చుని పనిచేసిన మనిషి. సూర్యుడు నడినెత్తి మీదికి వచ్చేదాకా తిరిగాం. చివరికి బస్టాండు దగ్గర మూసిన చాయ్ హోటల్ అరుగు మీది ఆయన చెప్పాడు. చీకటితోనే పాల వ్యాను ఎక్కింది, జగిత్యాల వైపు పోయింది అని.

జగిత్యాల అన్న మాటతో నాకు ఇంకో భయం పట్టుకుంది. నర్సరీకే పోయి ఉంటుంది, ఆ విరిగిన మొక్కల మధ్యనే... తిరుగుదారంతా నాకు ఆ మడి ఒక్కటే కనిపించింది. నర్సరీ చేరి గడ్డంతా కాళ్లతో తొక్కి వెతికాను. బావిలోకి వంగి చూశాను. "ఆమె రాలేదు మేస్త్రీ," అన్నాడు కాపలాదారు. ఇంకేదో చెప్పబోతుంటే నేను ఆగలేదు. ఇక పోలీసులకు చెప్పాలి, దానికి ముందు ఇంట్లో చెప్పాలి అనుకుని ఇంటిదారి పట్టాను.

మా ఇంటి ముందు జనం. పదిహేను ఇరవైమంది గుంపుగా నిలబడి ఉన్నారు. సైకిలు వదిలేశాను, అది ఎటు పడిందో చూడలేదు. జనాన్ని తోసుకుని పోతే మెట్ల మీద మా ఇంటామె ఏడుస్తూ కూర్చుని ఉంది. పక్కన ఆమె భుజం పట్టుకుని మా కోరుట్ల చెల్లె.

మా ఇంటామె లేచి వచ్చి రెండు చేతులతో నా రొమ్ము మీద గుద్దింది. "ఎటు వోయినవయ్యా? ఫోను ఇంట్ల, మనిషి లేడు! నర్సరీల అడిగితే చెప్పకుంట సైకిలెక్కి పోయిండన్నరు! పొద్దట్నించి బావులన్ని ఎతికిస్తున్న!"

నాకు ఏమీ అర్థం కాలేదు. చెల్లె వైపు తిరిగి అరిచాను. "నువ్వు బతికే ఉన్నవా? డబ్బా ఏది? నీ కోసం కోరుట్ల కాలువంత దేవిన!"

"నా కోసమా?" అంది ఆమె ఆశ్చర్యంగా. సంచిలోంచి డబ్బా తీసి మెట్టు మీద పెట్టింది. మూత కూడా తిప్పినట్టు లేదు. "నేను నీ కోసం తీసిన అన్నా. నిన్న నువ్వు ఆ అర్రల ఎంతసేపు నిలవడ్డవో నేను కిటికిలకెల్లి చూసిన. మా ఆయన సుత ముందటి రోజు గట్లనే నిలవడ్డడు. ఏమో లెక్క చూసుకుంటున్నడనుకున్న నేను. ఆఖరి బస్సు పోతదని రాత్రి మీ ఇంటికి రాలేకపోయిన. నిద్ర పట్టలే. తెల్లారి పాల బండిల వచ్చి వదినకు చెప్పే వరకు నువ్వు లేవు."

"పిచ్చిదానివా? నేను డబ్బా మీద రాసింది చదువుతున్న, గంతే," అన్నాను.

ఆమె నన్ను నిదానంగా చూసింది. "దాని మీద అంత ఇంగ్లీషే గద అన్నా. నీకు ఇంగ్లీషు ఎప్పటి సంది వచ్చు?"

నేను నాలుగో తరగతితో ఆగినవాణ్ణి. తెలుగు చదువుతాను, ఇంగ్లీషులో నా సంతకం కూడా రాదు. ఇందాక మీకు కూడా అదే అబద్ధం చెప్పాను, డబ్బా మీద రాసింది చదువుతూ నిలబడ్డానని. ఇంతకాలం నాకు నేను చెప్పుకున్నదే అది. ఆ సాయంత్రం నా మనసులో ఏముందో సరిగ్గా ఇదీ అని చెప్పలేను. కొలువు పోతే ఎట్లా అని ఉంది. మా నాయన ముఖం ఉంది. చేతిలో డబ్బా ఉంది. మోటారు ఆపమని ఎవరూ కేకేయకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలియదన్నదే నాకు అన్నిటికంటే పెద్ద భయం. మెట్ల మీద కూలబడి, గుంపులో అందరూ చూస్తుండగానే, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

ఏడుపు ఆగాక ఆమె చెయ్యి చాపింది. "తాళంచెవి ఇయ్యి." మొలతాడు నుంచి విప్పి ఇచ్చాను. సంచి అడుగున చుట్టి ఉన్న తెల్ల దారం ముక్క తీసి, మగ్గం ముడి వేసి, దాన్ని మెడలో వేసుకుంది.

మరునాడు ఆఫీసరుకు రాసి ఇచ్చాను. దారం కుళ్లదని, కోసెయ్యాలని ఆమె ముందే చెప్పింది, నేను మరిచాను, తప్పు నాది అని. సస్పెండు కాలేదు. ఒక మెమో వచ్చింది, ఒక ఏడాది తలవంపుగా తిరిగాను, అంతే. అంతదానికి నేను ఆ గదిలో నిలబడ్డాను. విరిగిన మొక్కలు పీకేద్దామని మడిలోకి పోతే, కట్టుకు కింద ప్రతిదానికీ నాటు గులాబి చిగురు వేసి ఉంది. సిరిసిల్లకు వాటినే పంపాం. రంగు ఒక్కటేనా అని అక్కడ ఎవరో సణిగారట. మందు కొట్టే పని లేదన్నాం.

నేను రిటైరయ్యే దాకా మందుల గది తెరవాలంటే ఆమెను పిలవాల్సిందే. తనే వచ్చి తాళం తీసి, పని అయ్యేదాకా అక్కడే నిలబడి, మళ్లీ తనే వేసేది. ఛార్జి అప్పగించేనాడు కొత్త మేస్త్రి తాళంచెవి అడిగితే, అది నా దగ్గర లేదని చెప్పి కొత్త తాళం కొనిచ్చాను. ఆయన నన్ను విచిత్రంగా చూశాడు.

ఇప్పుడు ఆ గదే లేదు, కూలగొట్టారు. ఆమె ప్రతి దసరా వెళ్లాక కోరుట్ల నుంచి వచ్చి నా చెట్ల కొమ్మలు కోసుకుపోయి వాళ్ల వాడలో పంచుతుంది. మొన్న వచ్చినప్పుడు కొమ్మలు కోయడానికి వంగితే మెడలోంచి ఆ చెవి బయటికి జారింది. అదే దారం, ఇంకా కుళ్లలేదు.

"ఇంకెందుకు చెల్లే అది? గది లేదు, తాళం లేదు. పారెయ్యి," అన్నాను.

చెవిని మళ్లీ జాకెట్టులోకి తోసుకుని, "ఉండనియ్యి అన్నా," అంది. "నువ్వింక ఇంగ్లీషు నేర్వలే గద."